లూసియానాలో ఎలిగేటర్ల వేట, ఆ మాంసం వండే పద్ధతి: తెలిసినవారు వివరించగలరు

బరంపురం నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. నా తమ్ముడు ఉద్యోగరీత్యా అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, లఫయెట్ నగరంలో కాపురం ఉంటున్నాడు. వచ్చే సెప్టెంబరులో నేనూ నా భార్యా అక్కడికి వెళ్లవలసి ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ మొసలిని పోలిన ఎలిగేటర్ల వేట సాగుతుందట. తమ్ముడితో కలిసి పనిచేసే ఒకాయన కుటుంబానికి సముద్రతీరపు చిత్తడి నేలల్లో కొంత భూమి ఉందనీ, వారు ప్రతి ఏటా ప్రభుత్వ అనుమతితో అక్కడ వేటాడతారనీ, మమ్మల్ని కూడా పడవలో తీసుకువెళ్లి, ఆ మాంసంతోనే భోజనం పెట్టాలని ముచ్చటపడుతున్నారనీ తమ్ముడు చెప్పాడు.

పిలిచినవారి ఆదరణను కాదనడం నాకు ఇష్టం లేదు. కానీ మొసలి అనగానే మన ప్రాంతం వారికి ముందుగా గుర్తుకు వచ్చేది అటవీ శాఖ వారి హెచ్చరిక బోర్డు. మాకు దగ్గరలోనే, దిగపహండి వైపు ఉన్న ఘోడాహడ జలాశయంలో మొసళ్లు ఉన్నాయి. వాటి జోలికి వెళ్తే జైలు తప్పదని అక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక్కడ నేరమైన పనిని అక్కడ ప్రభుత్వమే తేదీలు ప్రకటించి ఎలా జరిపిస్తోందో నాకు బోధపడలేదు.

ఏటేటా వేటాడుతుంటే ఆ జంతువులు తగ్గిపోవడం లేదా? వేటాడే పద్ధతి ఏమిటి? పర్యాటక వీసా మీద వెళ్లిన మాబోటివారు ఆ పడవ ఎక్కితే ఇబ్బంది ఏమైనా ఉందా? మాంసం ఎలా ఉంటుంది, దానిని మన పద్ధతిలో పులుసుగానో వేపుడుగానో వండుకోవచ్చా? నా భార్య చేపలు, కోడి తప్ప మరొకటి ముట్టదు, ఆమె తినగలదా? ఇవి కాక మరొక సంగతి ఉంది. ఈ కబురు విన్న మా మేనల్లుడు, "అక్కడ వేటాడనిస్తున్నప్పుడు మన ఘోడాహడలో ఎందుకు వద్దంటారు మావయ్యా, ఇవి మాత్రం మేకలను లాక్కుపోవడం లేదా?" అని అడిగాడు. వాడిని కసిరి ఊరుకోబెట్టడం నాకు ఇష్టం లేదు; ఆధారాలతో జవాబు చెప్పాలని ఉంది. తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

పర్లాకిమిడి నుంచి లూసియానా

నమస్కారం అండి. మాది పర్లాకిమిడి. చాలాకాలంగా లూసియానాలోనే ఉంటున్నాను. వేట చేసే కుటుంబాలతో స్నేహం వల్ల పడవలో వెంట వెళ్లి చూసే అవకాశం కలిగింది. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

జంతువులు తగ్గిపోవడం లేదా అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే మిగిలినదంతా దానిమీదే ఆధారపడి ఉంది. ఒకప్పుడు ఇక్కడ కూడా తోలు కోసం అడ్డూ అదుపూ లేకుండా చంపారు. 20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి లూసియానాలో ఎలిగేటర్ల సంఖ్య లక్ష కంటే తక్కువకు పడిపోయిందని వన్యప్రాణి శాఖ అంచనా. 1962లో రాష్ట్రం వేటను పూర్తిగా ఆపివేసింది. 1967లో కేంద్ర ప్రభుత్వం ఈ జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. పదేళ్లపాటు ఎవరూ ముట్టుకోకుండా కాపాడి, ఆ కాలంలో జంతువు సంతానోత్పత్తినీ సంచారాన్నీ జాగ్రత్తగా అధ్యయనం చేసి, 1972లో కామెరాన్ పారిష్ అనే ఒకే ఒక్క తీరప్రాంత జిల్లాలో మళ్లీ వేటకు అనుమతించారు. మిగిలిన ప్రాంతాలకు నెమ్మదిగా విస్తరింపజేస్తూ 1981 నాటికి రాష్ట్రమంతటా వేట మొదలైంది. 1987లో ఈ జాతి పూర్తిగా కోలుకున్నదని ప్రకటించారు. ఇప్పుడు ఒక్క లూసియానాలోనే 20 లక్షలకు పైగా ఉన్నాయి. వేట సాగుతున్న ఇన్ని సంవత్సరాలలోనే ఆ సంఖ్య పెరిగింది.

అలా ఎలా జరిగిందని మీరు అడుగుతారు. ఇక్కడి తీరంలోని చిత్తడి నేలల్లో ఎక్కువ భాగం ప్రైవేటు వ్యక్తులవి. ఆ నేలను ఎండగట్టి మరొక పనికి వాడుకుంటే ఎలిగేటరుకు గూడు ఉండదు. నేలను నీటితో, రెల్లుతో అలాగే ఉంచితే యజమానికి ఏటా కొంత ఆదాయం వచ్చేటట్లు చేయడమే ఈ పథకంలోని ముఖ్యమైన ఆలోచన. వేసవిలో వన్యప్రాణి శాఖవారు హెలికాప్టరులో తిరుగుతూ గూళ్లను లెక్కపెడతారు. ఆ లెక్కనూ, నేల రకాన్నీ, విస్తీర్ణాన్నీ బట్టి ఏ భూమిలో ఎన్నింటిని పట్టవచ్చో నిర్ణయించి, అన్ని ట్యాగులు, అంటే అనుమతి బిళ్లలు, మాత్రమే ఇస్తారు. ఒక ట్యాగు ఒక జంతువుకు. చంపిన వెంటనే తోక చివరి భాగంలో ఆ ట్యాగును బిగించాలి, తోలు శుద్ధి చేసే చోటికి చేరేవరకు దానిని తీయకూడదు. ట్యాగు లేని తోలును కొనేవాడు కూడా నేరస్థుడే. ట్యాగులు అయిపోయిన రోజున, కాలం ఇంకా మిగిలి ఉన్నా, ఆ భూమిలో వేట ముగిసినట్లే.

తేదీల వెనుక కూడా ఆలోచన ఉంది. రాష్ట్రాన్ని రెండు మండలాలుగా విభజించి, తూర్పున ఆగస్టు చివరి బుధవారం, పడమర సెప్టెంబరు మొదటి బుధవారం వేట ప్రారంభిస్తారు. పొదిగిన గుడ్లు పిల్లలయ్యే రోజులవి. ఆ సమయంలో పెద్ద ఆడవి లోపలి చిత్తడిలో గూళ్ల దగ్గరే ఉంటాయి. మగవి కాలువలలో, లోతైన నీళ్లలో తిరుగుతుంటాయి. వేటగాడు పడవలో వెళ్లగలిగేది కాలువల్లోకే కాబట్టి ఎక్కువగా మగవే చిక్కుతాయి, గుడ్లు పెట్టేవి మిగులుతాయి. ఈ ఒక్క ఏర్పాటు చూసినప్పుడే నాకు ఈ పథకం మీద గౌరవం కలిగింది.

పద్ధతి సంగతి. గట్టున పొడవాటి కర్రను ఏటవాలుగా పాతి, దాని చివర నుంచి బలమైన నైలాను తాడుకు కట్టిన పెద్ద గాలాన్ని నీటిమీద వేలాడదీస్తారు. ఎరగా కోడిమాంసం ముక్కో, పశువు ఊపిరితిత్తి ముక్కో గుచ్చుతారు. ఎరను నీటికి ఎంత ఎత్తున కడితే అంత పెద్ద జంతువు మాత్రమే అందుకోగలదు. చిన్నవాటిని తప్పించడానికి ఇదే ఉపాయం. సాయంత్రం కట్టి మరునాడు ఉదయం చూస్తారు. కట్టిన గాలాలను రోజూ చూసి తీరాలని నియమం ఉంది. తాడు నీటిలోకి బిగిసి ఉంటే జంతువు చిక్కిందని అర్థం. దానిని పడవ పక్కకు లాగి, తల వెనుక ఎముక కవచం ముగిసే చోట ఒకే ఒక గుండుతో కాలుస్తారు. అనుభవం ఉన్నవాడి చేతిలో అది క్షణంలో ముగుస్తుంది. అనుభవం లేనివాడికి ఆ పని అప్పగించకూడదని నా గట్టి అభిప్రాయం. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే చంపాలి, రాత్రి వేట నిషిద్ధం.

ఫ్లోరిడాలో పద్ధతి వేరు. అక్కడ దరఖాస్తు చేసుకున్నవారిలో ఎంపికైనవారికి రెండేసి ట్యాగులు ఇస్తారు. ఎర గుచ్చిన గాలాలను అనుమతించరు. ఎక్కువమంది రాత్రిపూట దీపం వేసి, ఎర్రగా మెరిసే కళ్లను గుర్తుపట్టి, తాడు కట్టిన ఈటెతో పట్టుకుంటారు. మీరు వెళ్లేది లూసియానాకే కనుక దాని వివరాల్లోకి వెళ్లను.

వీసా విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. పడవలో కూర్చుని చూడడానికి ఏ అడ్డంకీ లేదు. కానీ పర్యాటక వీసాపై వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ చేతిలో ఉంచుకోవడం ఇక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది, అయితే అది లేకుండా "ఒకసారి పట్టుకుని ఫోటో దిగండి" అని ఎవరు మర్యాదకు అన్నా వినకండి. ఆతిథ్యం ఇచ్చేవారు మంచివారే కావచ్చు, కేసు మాత్రం మీ మీద పడుతుంది.

గుణుపురం ఆడపడుచు

బరంపురం అన్నయ్యగారికి నమస్కారం. వేట గురించి పైన రాసినవారు చక్కగా చెప్పారు. నేను బేటన్ రూజ్‌లో ఉంటాను. పుట్టిల్లు రాయగడ జిల్లా గుణుపురం. ఇక్కడి వారి దగ్గర ఈ వంట నేర్చుకుని, మన పద్ధతిలో కూడా వండుతున్నాను కాబట్టి వంట సంగతి నేను రాస్తాను.

అన్నింటికంటే ముందు కొవ్వు గురించి చెప్పాలి. ఎలిగేటరు మాంసం నీచు వాసన వేస్తుందని ఎవరైనా అంటే, కొవ్వు తీయకుండా వండారని అర్థం చేసుకోవచ్చు. కండలో కొవ్వు దాదాపు ఉండదు. అది కండల మధ్య, తోక పొడవునా పసుపుపచ్చని లేదా తెల్లని ముద్దలుగా పేరుకుని ఉంటుంది. దానిని కత్తితో పూర్తిగా తీసివేయాలి. కండ మీద మెరిసే పలుచని పొరనూ, తెల్లని నరాలనూ కూడా ఒలిచివేయాలి. ఇది ఓపికతో చేయవలసిన పని. ఈ పని చేయకుండా ఎంత మసాలా వేసినా ప్రయోజనం ఉండదు. ఫ్రీజరులో పెట్టదలచుకుంటే కొవ్వు తీసిన తరువాతే పెట్టాలి, లేకపోతే అది నిలవ ఉన్నకొద్దీ పాడై కండకు కూడా వాసన పట్టిస్తుంది.

ఒకే జంతువులో మాంసం అంతా ఒకే రకంగా ఉండదు. తోకలోని కండ తెల్లగా, మెత్తగా ఉంటుంది. దవడ కండ ఇంకా మెత్తన. కాళ్లది, ఒంటిది కొంచెం ముదురు రంగులో, గట్టిగా ఉంటుంది. తోక కండ రుచి కోడి రొమ్ముకూ గట్టి చేపకూ మధ్యలో ఉంటుంది కాబట్టి వదినగారికి తప్పక నచ్చుతుందని నా నమ్మకం. ఆమెకు తోక ముక్కో దవడ ముక్కో మాత్రమే పెట్టమని ముందే చెప్పండి. కాళ్ల మాంసంతో మొదలుపెడితే రెండోసారి ముట్టకపోవచ్చు.

ఇక్కడివారు ఎక్కువగా చేసేది వేపుడు. తోక కండను పీచుకు అడ్డంగా అంగుళం ముక్కలుగా కోసి, ఉప్పు, కారం, మిరియాల పొడి కలిపిన చిక్కని మజ్జిగలో కొన్ని గంటలు నానబెడతారు. తరువాత మొక్కజొన్న పిండి, మైదా కలిపిన పొడిలో దొర్లించి, బాగా కాగిన నూనెలో రెండు మూడు నిమిషాలు మాత్రమే వేయిస్తారు. ముక్క నూనెలో తేలి, బంగారు రంగు రాగానే తీయాలి. మరికాస్త ఎర్రబడనిద్దామని మన అలవాటు ప్రకారం ఉంచితే రబ్బరులా సాగుతుంది. నూనె చల్లబడకుండా ఒక్కో వాయికి కొద్ది ముక్కలే వేయాలి. లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరితే చాలు; ఇక్కడ వంటింటి ఉష్ణమాపకం చవకగానే దొరుకుతుంది, మొదటిసారి వండేవారు దాన్ని వాడడం మేలు.

రెండవది సాస్ పికాంట్ అనే టమాటా కూర. నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇదే. నూనెలో మైదాను సన్నని మంట మీద ముదురు గోధుమ రంగు వచ్చేవరకు విడువకుండా కలుపుతూ వేయించి, అందులో ఉల్లి, క్యాప్సికం, సెలరీ ముక్కలు, వెల్లుల్లి వేసి మగ్గించి, టమాటాలు, కారం చేర్చి, గట్టి మాంసాన్ని అందులో గంటకు పైగా నెమ్మదిగా ఉడికిస్తారు. దక్షిణ లూసియానాలో వరి విస్తారంగా పండుతుంది. ఈ కూరను వేడి అన్నంలోనే కలుపుకుంటారు. మొదటిసారి ఆ కంచం నా ముందు పెట్టినప్పుడు పరాయి ఇంట్లో ఉన్నట్లు అనిపించలేదు. కాళ్లు, పక్కటెముకలు, ఒంటి మాంసం ఇలాంటి నెమ్మది వంటకే పనికివస్తాయి. మిగిలిన ముక్కలను పంది మాంసంతో కలిపి సాసేజీలు చేస్తారు, ఎందుకంటే దీనిలో సొంత కొవ్వు లేక ఒక్కటే చేస్తే పొడిబారుతుంది.

మన పద్ధతి అడిగారు కదా. తోక మాంసాన్ని పెరుగు, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్దలో నానబెట్టి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, మిరియాలు, కరివేపాకుతో పొడి వేపుడుగా చేస్తే చాలా బాగుంటుంది. లవంగం, దాల్చినచెక్క ఎక్కువైతే సున్నితమైన ఆ రుచి పూర్తిగా మరుగున పడుతుంది. మేక మాంసానికి వేసినంత మసాలా దీనికి వద్దు. చేపల పులుసు లాగా చింతపండుతో వండాలంటే, పులుసు ముందుగా బాగా మరిగి చిక్కబడిన తరువాత తోక ముక్కలు వేసి కొద్దిసేపు ఉడికించి దించాలి. మా అమ్మ చేపకు పెట్టినట్లే ఆవ, వెల్లుల్లి నూరి చివర్లో కలిపి చూశాను. మన వైపు వారికి అది అన్నింటికంటే దగ్గరగా అనిపిస్తుంది. ఒంటి మాంసాన్నయితే ప్రెషర్ కుక్కరులో మెత్తబరచి, ఆపైన ఇగురు పెట్టుకోవాలి.

వేటకు వెళ్లకపోయినా పర్వాలేదు, కొవ్వు తీసిన తోక మాంసం ఇక్కడి దుకాణాల్లో గడ్డకట్టించి అమ్ముతారు. ఫ్రిజ్‌లోనే నెమ్మదిగా కరగనివ్వండి, బయట పెట్టవద్దు. సరీసృపాల మాంసంలో సాల్మొనెల్లా సూక్ష్మక్రిములు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పచ్చి మాంసం కోసిన పలకనూ, కత్తినీ వేడినీళ్లతో, సబ్బుతో కడగనిదే కూరగాయలకు వాడకూడదు.

ఇక్కడి కాథలిక్కులు ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల దీక్షలో శుక్రవారాలు మాంసం మానేస్తారు, చేప తింటారు. ఎలిగేటరును ఏ పద్దులో వేయాలని ఒకరు అడిగితే, దానిని చేపల కోవలోనే లెక్కించవచ్చని న్యూ ఆర్లియన్స్ ఆర్చిబిషప్ 2010లో లిఖితపూర్వకంగా జవాబిచ్చారు. కార్తీకంలో, ముఖ్యంగా నెల చివర వచ్చే పంచుక అయిదు రోజులూ నీచు ముట్టని బరంపురం ఇళ్లకు ఆ పట్టింపు ఎలాంటిదో తెలుసు. మీ ప్రయాణం సెప్టెంబరులో కనుక ఆ చిక్కు మీకు రాదు.

జయపురం ఉపాధ్యాయుడు

నేను కొరాపుట్ జిల్లా జయపురంలో జీవశాస్త్రం బోధిస్తాను. మీ మేనల్లుడి ప్రశ్న న్యాయమైనది. తరగతిలో పిల్లలు కూడా ఇదే అడుగుతారు కాబట్టి కొంచెం విపులంగా రాస్తున్నాను.

మొదట, ఇవి రెండూ ఒకే జంతువు కావు. ఎలిగేటరు ముట్టె వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. నోరు మూసినప్పుడు కింది పళ్లు బయటకు కనబడవు. మన మొసలికి నోరు మూసినా కింది దవడలోని నాలుగవ పన్ను పైకి కనిపిస్తుంది. ఎలిగేటరు ఆకులూ అలములూ కుప్పచేసి గూడు కడుతుంది. ఘోడాహడలోనూ మల్కనగిరి వైపు సతిగుడ జలాశయంలోనూ ఉన్న మగ్గర్ జాతి మొసలి ఒడ్డున ఇసుకలో గొయ్యి తవ్వి గుడ్లు పెడుతుంది. మన దేశపు అడవుల్లో, నదుల్లో ఎలిగేటర్లు లేవు. చూడాలనుకుంటే చెన్నై దగ్గర 1976లో స్థాపించిన మొసళ్ల సంరక్షణ కేంద్రంలో చూడవచ్చు.

చట్టం సంగతి స్పష్టం. మన దేశంలోని మూడు జాతులు, అంటే మగ్గర్, ఉప్పునీటి మొసలి, ఘరియాల్, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. 2022 సవరణ తరువాత జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. మాంసం, తోలు, గుడ్లు దగ్గర ఉంచుకున్నా నేరమే. లూసియానా నుంచి రుచి చూపించడానికి మాంసం తెద్దామన్న ఆలోచన కూడా పెట్టుకోకండి. ఎలిగేటరు, అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే ఒప్పందం (సైటీస్) రెండవ అనుబంధంలో ఉంది. పత్రాలు లేని మాంసం విమానాశ్రయం దాటదు.

అయితే చట్టం ఉంది కాబట్టి వద్దు అంటే కుర్రవాడికి సమాధానం దొరికినట్లు కాదు. చట్టం ఎందుకు అలా ఉందో చెప్పాలి. మన దేశంలో కూడా తోలు వ్యాపారం వల్ల మూడు జాతులూ దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సహకారంతో మొసళ్ల సంరక్షణ పథకం మొదలైంది. దానికి శ్రీకారం చుట్టింది మన ఒడిశాలోనే. ఉప్పునీటి మొసలికి భితరకనికలోని డాంగమాల్, ఘరియాలుకు మహానది ఒడ్డున టికరపడా, మగ్గరుకు సిమిలిపాల్‌లోని రామతీర్థ కేంద్రాలయ్యాయి. గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచి నదుల్లో వదిలారు. భితరకనికలో ఫలితం అద్భుతంగా వచ్చింది. ఇప్పుడు అక్కడి గణనల్లో 1,700కు పైగా ఉప్పునీటి మొసళ్లు లెక్కకు వస్తున్నాయి. ఘరియాలు మాత్రం అలా కోలుకోలేదు. మహానది మీది సాతకోసియాలో దశాబ్దాల విరామం తరువాత 2021లో గానీ సహజంగా గుడ్లు పొదిగి పిల్లలు రాలేదు. ఒకే రాష్ట్రంలో, ఒకే పథకం కింద, ఒక జాతి నిలబడింది, మరొకటి ఇంకా ఊగిసలాడుతోంది.

లూసియానా 20 లక్షల నుంచి కొంత తీసుకుంటోంది. మన జలాశయంలో ఉన్నవి చుట్టూ పొలాలూ ఊళ్లూ ఉన్న చిన్న నీటిపట్టున మిగిలిన గుంపు మాత్రమే. అక్కడ గుడ్లు పెట్టే పెద్ద ఆడవాటిని కొన్నింటిని చంపినా, వేరే చోటు నుంచి వచ్చి ఆ ఖాళీని నింపేవి లేవు. పైగా అక్కడ భూమి యజమానిది, లాభం యజమానిది, కాబట్టి కాపలా కూడా యజమానిదే. మనకు జలాశయం ప్రభుత్వానిది. వేటకు అనుమతి ఇస్తే లాభం తోలు వ్యాపారికి పోతుంది, నష్టం మాత్రం అందరిదీ అవుతుంది. లెక్కించే ఏర్పాటు, ట్యాగు, కొనుగోలుదారు మీద నిఘా, ఈ మూడూ లేని చోట వేటను మాత్రం తెచ్చి పెడితే 1960ల నాటి స్థితి తిరిగి వస్తుంది. మీ మేనల్లుడికి ఈ మాట అర్థమవుతుందని అనుకుంటున్నాను.

రాయగడ పాఠకుడు

పెద్దలందరికీ నమస్కారం. పర్లాకిమిడి వారి వివరణను శ్రద్ధగా చదివాను, కానీ ఒక అభ్యంతరం ఉంది. గాలానికి చిక్కిన జంతువు రాత్రంతా ఆ బాధతో ఉండవలసిందేనా? సంఖ్య పెరిగినంత మాత్రాన అలా చంపడం సమంజసమని ఎలా అనగలం? సంరక్షణకు వేరే దారి లేదా?

పర్లాకిమిడి నుంచి లూసియానా

మీ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. గాలం పద్ధతిలో నాకూ నచ్చనిది అదే. రోజూ తప్పక చూడాలన్న నియమం ఆ బాధను తగ్గించడానికి పనికివస్తుంది, పూర్తిగా తీసివేయదు.

వేరే దారి అడిగారు. ఇక్కడ 1986 నుంచి గుడ్ల సేకరణ పథకం కూడా ఉంది. సహజంగా పుట్టిన పిల్లల్లో చాలా భాగం పక్షులకూ, చేపలకూ, పెద్ద ఎలిగేటర్లకూ ఆహారమైపోతాయి. అందువల్ల పెంపకందారులు భూయజమానికి డబ్బు చెల్లించి గూళ్ల నుంచి గుడ్లు తీసుకుపోయి, పొదిగించి పెంచుతారు; మూడు నాలుగు అడుగులు పెరిగిన తరువాత శాఖ నిర్ణయించిన శాతాన్ని అదే చిత్తడిలో తిరిగి వదలాలి. ఆ పరిమాణానికి వచ్చినది బతికి నిలబడుతుంది. యజమానికి ఆదాయం, నేలకు రక్షణ రెండూ ఈ దారిలో కూడా కుదురుతున్నాయి. తోలు, మాంసం వ్యాపారంలో పెద్ద వాటా ఇప్పుడు పెంపకం నుంచే వస్తోంది. బహిరంగ వేట పూర్తిగా ఆగిపోవాలని మీరు కోరుకుంటే తప్పుపట్టను. కానీ చిత్తడి నేల విలువ పడిపోయి, దానిని పూడ్చివేసే రోజు వస్తే అన్ని జంతువులకూ అంతకంటే ఎక్కువ హాని జరుగుతుందని నా భయం.

బరంపురం నివాసి

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పడవలో వెళ్లి చూస్తాము, తుపాకీ ముట్టము. జయపురం మాస్టారి జవాబును మేనల్లుడికి చదివి వినిపించాను. మేకలు పోయినవారి సంగతి ఏమిటని వాడు మళ్లీ అడుగుతున్నాడు. గుణుపురం చెల్లెమ్మగారికి కూడా ఒక ప్రశ్న. మా మరదలు ఇప్పుడు గర్భవతి. వేటాడిన మాంసం ఆమె కూడా తినవచ్చా?

జయపురం ఉపాధ్యాయుడు

మేకలు పోయినవారి బాధ నిజమైనది. భితరకనిక చుట్టుపక్కల కేంద్రాపడా జిల్లా గ్రామాల్లో స్నానఘట్టాల వద్ద మొసలి లోపలికి రాకుండా నీటిలో కంచెలు కట్టారు. మనుషులు చనిపోతే ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. మన జలాశయాల దగ్గర కూడా పశువులు నీళ్లు తాగే రేవుకు అలాంటి కంచె కావాలని గ్రామ పంచాయతీ ద్వారా అటవీ రేంజి కార్యాలయానికి రాతపూర్వకంగా అడగడం మంచిది. గుడ్లు పెట్టే కాలమైన ఫిబ్రవరి నుంచి, పిల్లలు బయటకు వచ్చే తొలకరి వరకు, ఇసుక ఒడ్డుల వైపు మేకలను తోలకూడదు. తల్లి మొసలి ఆ రోజుల్లో గూడును వదలదు. మేనల్లుడు చురుకైన పిల్లవాడిలా ఉన్నాడు. ఆ అర్జీ వాడి చేతనే రాయించండి.

గుణుపురం ఆడపడుచు

అన్నయ్యగారూ, మీ మరదలికి వేటాడిన ఎలిగేటరు మాంసం వద్దు. ఎలిగేటరు ఎన్నో ఏళ్లు బతికి, ఇతర జంతువులను తిని పెరుగుతుంది కాబట్టి, పెద్ద చేపల్లో చేరినట్లే దాని కండలోనూ పాదరసం చేరుతుంది. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ ప్రాంతపు ఎలిగేటర్లలో అది ఎక్కువగా ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. గర్భంలోని శిశువు మెదడుకు పాదరసం హాని చేస్తుంది. పెంపకంలో చిన్న వయసులోనే కోసేవాటిలో ఆ భయం తక్కువే, అయినా ఈ నెలల్లో తన వైద్యురాలిని అడగకుండా అది కూడా తినవద్దని చెప్పండి. ఆమెకు అదే సాస్ పికాంట్‌ను కోడిమాంసంతో వేరే గిన్నెలో వండి పెట్టమనండి. రుచికి ఏమీ తక్కువ ఉండదు. ఎలిగేటరు మాంసం కోసే కత్తి, పలక మాత్రం ఆ గిన్నె దగ్గరకు రానివ్వకండి.